బిందెలో నల్ల మడ్డి, ఆయన చేతుల్లో వణుకు... రెండూ మాంగనీస్ వల్లేనా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది విజయనగరం జిల్లా గరివిడి దగ్గర పల్లె. మా ఇంటాయనకు 49 ఏళ్లు. మొదట మాంగనీస్ రాయి పిండి చేసే క్రషర్ దగ్గర, తర్వాత ఆ ఖనిజాన్ని కరిగించే ఫెర్రో ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర, మొత్తం పదహారేళ్లుగా కాంట్రాక్టు పని చేస్తున్నారు. ఏడాదిగా చేతులు వణుకుతున్నాయి. గొంతు సన్నబడింది. ఊరికే విసుక్కుంటారు, ఒక్కోసారి కారణం లేకుండా నవ్వుతారు. మా బోరు నీళ్లు పట్టిన బిందెలో తెల్లారేసరికి అడుగున నల్లగా మడ్డి కడుతుంది. మనవడికి మూడు నెలలు. కోడలికి పాలు చాలక ఆ నీళ్లే బాగా కాచి డబ్బా పాలు కలుపుతున్నాం. నీళ్లలో భారలోహాలు ఉన్నాయని, ఉద్దానంలోలా కిడ్నీలు పోతాయని అందరూ భయపెడుతున్నారు. ఒంట్లోంచి లోహాలు లాగేసే పొడి అని ఒకాయన నెలకు రెండు వేలకు ఇస్తానంటున్నాడు. వాడొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, ముందు మనవడి పాల సంగతి చెబుతాను. అది ఇవాళే మార్చాల్సింది. మీ ఆయన సంగతి తర్వాత నిదానంగా మాట్లాడుకుందాం.

నీళ్లు కాచితే సూక్ష్మక్రిములు చస్తాయి, లోహాలు పోవు. పైగా నీరు ఆవిరయ్యేకొద్దీ మిగిలిన నీళ్లలో లోహం చిక్కబడుతుంది. అంటే ఎంత జాగ్రత్తగా కాచారో ఆ మేరకు గుంటడికి మాంగనీస్ కాస్త ఎక్కువే అందుతోంది. ఇందులో మీ తప్పేం లేదు. కాచిన నీళ్లు తాగమని ఊరూరా చెప్పింది మేమే, ఏ నీళ్లకు అది పనికిరాదో మాత్రం చెప్పలేదు.

మాంగనీస్ పూర్తిగా విషం కాదు. మన ఒంటికి రోజూ రవ్వంత కావాలి కూడా. అన్నం, పప్పులు, టీ, ఆకుకూరల ద్వారా అది అందుతూనే ఉంటుంది. పెద్దవాళ్లలో నోటి ద్వారా వెళ్లినదాంట్లో నూటికి మూడు నుంచి ఐదు పాళ్లే రక్తంలోకి చేరుతుంది. ఎక్కువైనదాన్ని కాలేయం పిత్తంతో కలిపి పేగుల్లోకి తోసేస్తుంది. మూడు నెలల పసివాడి కాలేయానికి ఈ తోసేసే పని ఇంకా సరిగ్గా చేతకాదు, పేగులేమో ఎక్కువగా పీల్చుకుంటాయి. తల్లిపాలలో మాంగనీస్ చాలా తక్కువ. డబ్బా పాలలో అంతకంటే ఎక్కువ. దానికి మీ బోరు నీళ్లు కూడా కలిస్తే ఎదిగే మెదడుకు అది మంచిది కాదు.

తాగునీటిలో మాంగనీస్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదని మన దేశ ప్రమాణం. వేరే దిక్కు లేనప్పుడు 0.3 వరకు ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ మధ్య తన పరిమితిని 0.08కి తగ్గించింది. సీసాపాలు తాగే పసిపిల్లలను లెక్కలోకి తీసుకునే అలా తగ్గించింది.

కాబట్టి నాగావళి, చంపావతి ఊటబావుల నుంచి వచ్చే రక్షిత పథకం కుళాయి మీ ఊళ్లో ఉంటే పిల్లాడి పాలకు ఆ నీళ్లు కాచి వాడండి. లేకపోతే నమ్మకమైన చోట ఆర్వో నీళ్ల క్యాన్ తెచ్చుకుని, వాటిని కాచి కలపండి. కోడలికి పాలు చాలడం లేదని ఎవరు తేల్చారు? పిల్లాడు ఏడుస్తున్నాడని ఇంట్లోవాళ్లు తేల్చి ఉంటే ఒకసారి ఏఎన్ఎంకు చూపించండి. చాలా సందర్భాల్లో పాలు సరిపోతాయి, పట్టించే పద్ధతి దిద్దుకుంటే చాలు. ఆమెకు రక్తం పరీక్ష కూడా చేయించండి. ఒంట్లో ఇనుము తక్కువైతే పేగులు మాంగనీస్‌ను ఎక్కువగా లోపలికి రానిస్తాయి. మన వైపు బాలింతల్లో రక్తం సరిగ్గా ఉన్నవాళ్లు ఎంత తక్కువో మీకూ తెలుసు.

ఇక ఆ నల్ల మడ్డి. పట్టినప్పుడు నీళ్లు తేటగానే ఉంటాయి కదా? భూమి లోపల గాలి తగలని చోట మాంగనీస్ కరిగి ఉంటుంది. పైకి వచ్చి గాలి తగిలాక మెల్లగా నల్లటి పొడిగా మారి అడుగుకు దిగుతుంది. ఇనుమైతే ఎర్రగా, తుప్పు రంగులో దిగేది. తెల్ల పంచె ఉతికినప్పుడు గోధుమ రంగు మరకలు పడితే ఇనుము, నల్లటి మరకలు పడితే మాంగనీస్ అని పైకి అనుకోవచ్చు. చాలా చోట్ల రెండూ కలిసే ఉంటాయి.

మీ నేలలో ఈ లోహం ఉండడంలో వింతేం లేదు. చీపురుపల్లి, గరివిడి, గర్భాం చుట్టుపక్కల మాంగనీస్ తవ్వకాలు పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే మొదలయ్యాయి. ఇక్కడి కోడూరు గని పేరు మీదే ఒక రకం రాతికి భూగర్భ శాస్త్రవేత్తలు కోడూరైట్ అని పేరు పెట్టారు. అందుకని ప్రతి బోరు చెడ్డదని కాదు. పక్కపక్క బోర్లలో కూడా తేడా ఉంటుంది. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులో పరీక్ష చేయించండి. 'ఐరన్, మాంగనీస్, ఫ్లోరైడ్, నైట్రేట్' అని పేర్లు చెప్పి అడగండి. 'నీళ్లు చూడండి' అంటే ఉప్పదనం, గట్టిదనం చూసి పంపేస్తారు. బోరు ఐదు నిమిషాలు వదిలాక, అదే నీటితో మూడుసార్లు కడిగిన ప్లాస్టిక్ సీసాలో పట్టండి. బిందెలో తేరిన నీళ్లు తీసుకెళితే మడ్డి అడుగునే ఉండిపోతుంది, రిపోర్టు మాత్రం బాగుందని వస్తుంది.

ఇప్పుడు మీ ఆయన సంగతి. మీ ఉత్తరం చదివి నా అనుమానం నీళ్ల మీదకు పోలేదు. అవే నీళ్లు మీరూ తాగుతున్నారు, మీ చేతులు వణకడం లేదు కదా! ఆయన ఒక్కరే పదహారేళ్లు పీల్చింది దుమ్ము, పొగ.

నోటితో వెళ్లిన మాంగనీస్‌ను కాలేయం ఆపుతుందని చెప్పాను. ముక్కుతో పీల్చినదానికి ఆ కాపలా లేదు. ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలోకి, అక్కడి నుంచి మెదడులో కదలికలను అదుపు చేసే చోటికి చేరి అక్కడే పేరుకుంటుంది. కొలిమి దగ్గర వచ్చే పొగ రాయి దుమ్ముకన్నా సన్నం, కాబట్టి మరీ లోపలికి పోతుంది. ఇది ఇవాళ కనిపెట్టింది కాదు. 1837లోనే జేమ్స్ కూపర్ అనే వైద్యుడు స్కాట్లాండ్‌లో మాంగనీస్ ఖనిజం పిండి చేసే కూలీల కాళ్లు పట్టు తప్పడం, మాట సన్నబడడం చూసి రాశాడు.

వణుకు ఒక్కటే రాసి ఉంటే నేను ఇంత తొందరపడేవాణ్ని కాదు. థైరాయిడ్ ఎక్కువైనా, ఆయాసం మందులు వాడినా, తాగుడు అలవాటున్నా, వంశంలో ఉన్నా చేతులు వణుకుతాయి. కానీ గొంతు సన్నబడడం, విసుగు, ఊరికే నవ్వడం... ఈ మూడూ వణుకుతో కలిస్తే పని గురించి అడగాలి. ఇది అనుభవం మీద చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట ఒకాయన్ని భార్య తీసుకొచ్చింది. నిద్ర పట్టదు, అందరి మీదా అరుస్తాడు, ఉన్నట్టుండి ఏడుస్తాడు. మనోవ్యాధి అనుకుని ఆరు నెలలు మాత్రలు రాశాను. వయసు అడిగాను, ఊరు అడిగాను, ఏం పని చేస్తావని అడగలేదు. ఓ రోజు గదిలోంచి వెళ్తూ తలుపు తన వైపు లాక్కోవడానికి ఒక అడుగు వెనక్కి వేశాడు, అలాగే వెల్లకిలా పడబోయాడు. అప్పుడు అడిగాను. పన్నెండేళ్లుగా ఖనిజం దగ్గరే పని.

ముందుకు బాగానే నడిచే మనిషి వెనక్కి అడుగు వేయలేకపోవడం ఈ జబ్బులో ముందే కనిపించే గుర్తుల్లో ఒకటి. ఇంట్లో చూడొచ్చు, అయితే వెనకాల మీ అబ్బాయిని పట్టుకోవడానికి సిద్ధంగా నిలబెట్టండి. మామూలు పార్కిన్సన్ జబ్బు సాధారణంగా ఒక పక్క చేతితో మొదలవుతుంది, చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు వణుకుతుంది. మాంగనీస్ వల్ల వచ్చేది చాలాసార్లు రెండు పక్కలా ఉంటుంది, గ్లాసు పట్టుకున్నప్పుడో బొత్తాం పెట్టుకునేటప్పుడో వణుకు తెలుస్తుంది. ముఖంలో కళ తగ్గి బిగుసుకుపోయినట్టు ఉంటుంది. తేల్చాల్సింది మాత్రం న్యూరాలజీ డాక్టరే. విశాఖ కేజీహెచ్‌లో ఆ విభాగం ఉంది. మెదడు ఎంఆర్ఐ, కాలేయం పరీక్షలు, థైరాయిడ్, రక్తంలో మాంగనీస్ చూస్తారు. రక్తం రిపోర్టు నార్మల్ వచ్చినా ధీమా పడకండి. అది ఈ మధ్య పీల్చినదాన్నే చెబుతుంది, పదహారేళ్లలో మెదడులో చేరింది చెప్పదు.

మందు విషయంలో ఆశపెట్టి మభ్యపెట్టను. పార్కిన్సన్ మాత్రలు దీనికి పెద్దగా పని చేయవు. దుమ్ము, పొగ దగ్గర నుంచి మనిషిని తప్పించడమే అసలు వైద్యం. తొలి దశలో తప్పిస్తే కొంత తేరుకుంటారు, ఆలస్యమైతే పని మానేశాక కూడా జబ్బు ముదరొచ్చు. 'మానేస్తే ఇల్లెలా గడుస్తుంది' అంటారు, న్యాయమే. మాంగనీస్ వల్ల వచ్చే జబ్బు, తప్పక తెలియజేయాల్సిన వృత్తి జబ్బుల జాబితాలో చట్టం ప్రకారమే ఉంది. అలాంటి రోగిని చూసిన డాక్టరు ఫ్యాక్టరీల తనిఖీ అధికారులకు రాసి పంపాలి. పరిహారం చట్టంలోనూ ఇది వృత్తి జబ్బే. జబ్బు తేలితే డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి, ఈఎస్ఐ కార్డు ఉంటే అక్కడ చూపించండి. కాంట్రాక్టు కూలీ అయినంత మాత్రాన ఈ హక్కు పోదు. కొలిమి నుంచి తప్పించి గేటు దగ్గరో స్టోరులోనో పని ఇమ్మని అడగడానికి కూడా ఆ కాగితమే ఆధారం.

ఈలోపు పనికి వెళ్లక తప్పని రోజు ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే చాలదు, సన్నటి పొగ దాన్ని దాటిపోతుంది. ముఖానికి అతుక్కుని ఉండే ఎన్95 రకం మాస్కు అయినా కావాలి. పని బట్టలు గుమ్మం బయటే విప్పి విడిగా ఉతకాలి, స్నానం చేశాకే పిల్లాణ్ని ఎత్తుకోవాలి. ఇల్లు పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిగుడ్డతో తుడవండి. సాయంత్రం మందు పుచ్చుకునే అలవాటుంటే మానేయాలి. ఆ లోహాన్ని బయటికి తోసేది కాలేయమే, దాన్నే పాడుచేసుకుంటే ఎలా?

ఉద్దానం గురించి ఒక్క మాట. అక్కడి కిడ్నీ జబ్బుకు ఫలానా లోహమే కారణమని ఇంతవరకు తేలలేదు. మాంగనీస్ ప్రధానంగా దెబ్బతీసేది మెదడును, కిడ్నీని కాదు. కిడ్నీలకు హాని చేసేవి సీసం, కాడ్మియం, పాదరసం. కాడ్మియం పొగాకులో ఉంటుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా అడ్డచుట్ట (నిప్పు ఉన్న కొన నోట్లో పెట్టుకుని) కాలుస్తుంటే దాన్నీ ఈ లెక్కలో వేసుకోండి, అంగిలి క్యాన్సర్ దానికి అదనం.

ఇంతకీ ఆ రెండు వేల పొడి. వద్దు. లోహాలను లాగే మందులు ఆసుపత్రిలో, కిడ్నీలు చూసుకుంటూ ఇచ్చేవి. ఏ లోహానికి ఏ మందన్నది వేరువేరుగా ఉంటుంది, మాంగనీస్‌కు వాటి ఫలితం కూడా అంతంతమాత్రమే. పేరు, కంపెనీ లేని పొడుల్లో సీసం, పాదరసం బయటపడిన సందర్భాలున్నాయి. ఆ డబ్బుతో విశాఖ వెళ్లి రావచ్చు.

వెళ్లేటప్పుడు ఆయన ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఎక్కడ ఏ పని చేశారో, క్రషరా, కొలిమా, రోజుకు ఎన్ని గంటలో ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి. మీరు రాయకండి, ఆయన చేతే రాయించండి. బ్యాంకు పుస్తకంలోనో పాన్ కార్డు మీదో ఉన్న పాత సంతకం కూడా పట్టుకెళ్లండి. వరుస చివరికి వచ్చేసరికి అక్షరాలు చిన్నవైపోతున్నాయా లేదా అన్నది డాక్టరు అందులోనే చూస్తారు.