తెల్లకొంగకు దగ్గరి చుట్టం ఎవరు?

ప్రశ్న: మా చేల దగ్గరి పెద్ద చెట్టు మీద వానాకాలంలో నత్తగుల్ల కొంగలు, తెల్లకొంగలు, నీటికాకులు కలిసి గూళ్లు పెడతాయి. పోటీ పరీక్షలకు చదువుతున్న మా అబ్బాయి, తెల్లకొంగకు నత్తగుల్ల కొంగ కన్నా గూడబాతే (పెలికన్) దగ్గరి చుట్టమని వాదిస్తున్నాడు. కాళ్లూ మెడా ముక్కూ చూస్తే కొంగలు రెండూ ఒకటే అనిపించదా? గూడబాతు పొట్టి కాళ్లెక్కడ, కొంగ కాళ్లెక్కడ?
— ఒక రైతు, కాట్రేనికోన

జవాబు: మీ అబ్బాయి చెప్పిందే సరైనది. ఇంకో మాట కూడా ఆయన చెప్పవచ్చు: మీ చెట్టు మీది నల్లటి నీటికాకి సైతం తెల్లకొంగకు నత్తగుల్ల కొంగ కన్నా దగ్గర.

అయినా మీ వాదనను తీసిపారేయను. నేను అమలాపురంలో జంతుశాస్త్రం చెప్పిన రోజుల్లో పాఠ్యపుస్తకం మీ పక్షానే ఉండేది. తెల్లకొంగ, నత్తగుల్ల కొంగ, కంకణం పిట్ట (ఐబిస్) ఒక క్రమం, అంటే కొన్ని కుటుంబాలను కలిపిన పెద్ద గుంపు. గూడబాతు, నీటికాకి, పాములాంటి మెడ ఉన్న డార్టర్ మరో క్రమం. రెండో గుంపుకు గుర్తు పాదం. బాతుకు ముందున్న మూడు వేళ్ల మధ్యే పొర ఉంటుంది. వీటికి వెనక వేలుతో సహా నాలుగింటినీ పొర కలుపుతుంది. ఇంత విడ్డూరమైన పాదం రెండు వేర్వేరు వంశాల్లో ఎందుకు పుడుతుంది, కాబట్టి ఇవన్నీ ఒకే వంశం అనుకున్నారు. సబబైన ఊహే.

దాన్ని మొదట గట్టిగా కదిలించినవారు అమెరికాకు చెందిన పక్షిశాస్త్రవేత్తలు చార్లెస్ సిబ్లీ, జాన్ ఆల్‌క్విస్ట్. డీఎన్ఏకు రెండు పోగులుంటాయి. వేడి చేస్తే విడిపోతాయి, చల్లారితే మళ్లీ జతకడతాయి. వాళ్లు ఒక పక్షి పోగును మరో పక్షి పోగుతో జతకట్టించి, తిరిగి వేడి చేశారు. చుట్టరికం దగ్గరదైతే జత గట్టిగా నిలుస్తుంది, దూరమైతే తక్కువ వేడికే ఊడిపోతుంది. ఈ పద్ధతిలోనే గూడబాతుకు ఆఫ్రికా చిత్తడి నేలల షూబిల్ బంధువని తేలింది. అది పొడవు కాళ్ల పక్షి, చూడటానికి కొంగల గుంపులోదే! అయితే 1990లో వాళ్లు అచ్చువేసిన వర్గీకరణలో కొంగల క్రమం మరీ ఉబ్బిపోయింది. ఉల్లంకులు, గద్దలు, చివరికి పెంగ్విన్లు కూడా అందులో చేరాయి. సంతలో మిగిలిన సరుకంతా ఒకే గోతంలో పోసినట్టు ఉండేది. అది నిలవలేదు.

చిక్కు ఎక్కడంటే, 6.6 కోట్ల ఏళ్ల క్రితం డైనోసార్లు పోయాక పక్షుల పెద్ద శాఖలు చాలా వరకు స్వల్పకాలంలోనే చీలిపోయాయి. అంత తక్కువ వ్యవధిలో జన్యువుల్లో పోగుపడే తేడాలు కొద్దిగానే ఉంటాయి. ఒకటి రెండు జన్యువులు చదివితే ఒకదాని సాక్ష్యం మరొకదానికి పొసగదు. అందుకే 2008లో 169 జాతుల నుంచి 19 జన్యుభాగాలు తీసి పోల్చారు. 2014లో 48 జాతుల పూర్తి జన్యుపటాలనే పక్కపక్కన పెట్టారు. మీ చెట్టు సంగతి వరకూ 2008 నాటి లెక్క చెప్పేది ఇది: మొదట నత్తగుల్ల కొంగల శాఖ విడిపోయింది, తరువాత నీటికాకుల శాఖ, మిగిలిన శాఖలోనే గూడబాతు, తెల్లకొంగ, కంకణం ఉన్నాయి. పాత పెద్ద కొంగల క్రమంలో ఇప్పుడు నత్తగుల్ల కొంగ కుటుంబం ఒక్కటే మిగిలింది. నాలుగు వేళ్ల పొర నమ్మదగ్గ గుర్తు కాదని కూడా తేలింది. అలాంటి పాదమే ఉన్న ట్రాపిక్‌బర్డ్ అనే సముద్రపక్షి ఈ గుంపుకే చెందదు. న్యూ కలెడోనియా అడవిలో నేల మీద తిరిగే కాగూ అనే పక్షికి అది బంధువు.

పొడవు కాళ్లు బురదలో నడిచే బతుకుకు పనికొస్తాయి. ఆ బతుకు ఎవరు బతికినా అవి రావచ్చు, మానేసిన వంశంలో పోవచ్చు కూడా. ఇందుకు నాకు అన్నిటికన్నా ఇష్టమైన రుజువు మన చెరువుల్లో మునిగి తేలే పిడికెడంత బుడుబుంగ. దాని కుటుంబానికి అతి దగ్గరి చుట్టం ఫ్లెమింగో. 2001లో జన్యువులు ఆ మాట చెప్పినప్పుడు చాలామంది నవ్వారు. తీరా ఎముకలను తిరిగి పరిశీలిస్తే, ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోని పోలికలు బయటపడ్డాయి. రెండింటి గుడ్ల పైనా సున్నం పూసినట్టు ఒకే రకం తెల్లటి పూత ఉంటుంది!

పరీక్ష సంగతంటారా, అబ్బాయి ఏ పుస్తకం నిర్ణయించారో దాని ప్రకారమే రాయాలి. మార్కులిచ్చేది పక్షులు కాదు. గైడ్లలో కొన్ని ఇంకా పాత క్రమాలే అచ్చువేస్తున్నాయి, అది వేరే బాధ.

ప్రశ్న: పశువుల వెంట తిరిగే చిన్న తెల్లకొంగ శాస్త్రీయ నామం కూడా మారిందట, నిజమేనా? ఎగిరే తీరు చూసి చుట్టరికం చెప్పవచ్చా?
— ఉపాధ్యాయిని, ముమ్మిడివరం

జవాబు: మారింది. దానికి విడిగా ఉన్న ప్రజాతి (దగ్గరి జాతులను కలిపే చిన్న గుంపు), జన్యువుల ప్రకారం పెద్ద తెల్లకొంగలుండే ఆర్డియా ప్రజాతి నడుమ పడింది. అందుకని అందులో కలిపేశారు. మన ఆసియా పక్షిని ఆఫ్రికా పక్షి నుంచి వేరు జాతిగానూ చూస్తున్నారు. జతకట్టే రుతువులో మనదానికి తల, చెంపలు, గొంతు నిండా నారింజ రంగు వస్తుంది. దీని పేరు ఇప్పుడు ఆర్డియా కొరొమాండా.

ఎగిరేటప్పుడు తెల్లకొంగ మెడ ముడుచుకుంటుంది, నత్తగుల్ల కొంగ ముందుకు తిన్నగా చాస్తుంది. పిల్లలకు ఈ రెండింటినీ గుర్తుపట్టడానికి ఇంతకన్నా సులువైన గుర్తు లేదు. చుట్టరికానికి మాత్రం వాడకండి. గూడబాతు ముడుచుకుంటుంది, దాని బంధువైన కంకణమేమో చాచే ఎగురుతుంది.