హిమాలయాలు ఇంకా పెరుగుతున్నాయా?

పెరుగుతూనే ఉన్నాయి, ఎందుకంటే మన దేశాన్ని మోస్తున్న భూఫలకం (భూమి పైపొరలోని భారీ రాతి పలక) ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరంగా జరుగుతూ ఆసియా ఫలకాన్ని నెడుతోంది. దాదాపు మన గోళ్లు పెరిగేంత వేగం. సముద్రం అడుగున ఉండే ఫలకం బరువైనది కాబట్టి ఖండాన్ని ఢీకొన్నప్పుడు దాని కిందికి దిగిపోతుంది. ఇక్కడ రెండూ ఖండాలే, రెండిటివీ తేలికైన రాళ్లే. ఏదీ పూర్తిగా మునగదు కాబట్టి, గోడకు ఆనించి నెట్టిన చాపలా నేల ముడతలు పడి పైకి లేస్తుంది. ఇది మొదలై దాదాపు 5 కోట్ల ఏళ్లయింది.

పూజగదిలోని సాలగ్రామాన్నే చూడండి. నేపాల్‌లో కాళీ గండకీ నదిలో దొరికే ఆ నల్లరాతిలో కనిపించే చుట్టలు అమ్మోనైట్ అనే సముద్రజీవి గుల్ల గుర్తులు. అంటే ఇవాళ మంచుకొండల మధ్య ఉన్న ఆ రాయి ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్న బురద!

ఫలకాలు లావా మీద తెప్పల్లా తేలుతున్నాయని చాలామంది అనుకుంటారు. నిజానికి కింద ఉన్నది చాలావరకు ఘనమైన రాయే. విపరీతమైన వేడికి అది లక్షల ఏళ్ల మీద మెల్లగా సాగుతుంది. అంచుల దగ్గర మాత్రం కదలిక సాఫీగా ఉండదు. అక్కడ రాళ్లు పట్టేసి, ఒత్తిడి పేరుకుని, ఒక్కసారిగా జారతాయి. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌ను కుదిపేసిన భూకంపం అలా వచ్చిందే.