అంబాసిడర్‌కు ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించే ముందు మా కారు కథ వినండి

ప్రశ్న: "మా నాన్నగారి పాత పెట్రోల్ అంబాసిడర్ ట్రాఫిక్‌లో విపరీతంగా వేడెక్కుతోంది. ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్యాన్ తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించమని మెకానిక్ అంటున్నాడు. పెట్టించవచ్చా? మైలేజీ కూడా పెరుగుతుందా?"

పెట్టించవచ్చు. కానీ అంతకంటే ముందు మీ కారు నిలబడినప్పుడు వేడెక్కుతోందా, పరిగెడుతున్నప్పుడు వేడెక్కుతోందా అన్నది తేల్చుకోండి. సిగ్నల్ దగ్గర పైకి పోయిన వేడి మీటరు ముల్లు, రోడ్డెక్కి యాభై కిలోమీటర్ల వేగం అందుకోగానే దిగివస్తుంటే మీ కారు జబ్బుకు ఫ్యానే మందు. హైవే మీద డెబ్బైలో పోతున్నా దిగకపోతే మాత్రం ఫ్యాన్ మార్చడం డబ్బు దండగ. ఆ వేగంలో రేడియేటర్‌ను చల్లబరిచేది ఎదురుగాలే కాబట్టి, అది కూడా చాలడం లేదంటే చాలావరకు రేడియేటర్ గొట్టాలలో బోరు నీళ్ల సున్నం పేరుకుని ఉంటుంది. ముందు దాన్ని విప్పించి శుభ్రం చేయించండి.

మాది 1986 మోడల్ మార్క్ 4, 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. విజయవాడలో వేసవిలో బందరు రోడ్డు ఒక్కసారి దాటితే చాలు, రేడియేటర్ మూత దగ్గర బుసబుసమనేది. వెనక సీటు కింద రెండు నీళ్ల సీసాలు లేకుండా నాన్నగారు బండి బయటికి తీసేవారు కాదు. 2011 వేసవిలో నేను పట్టుబట్టి ఆటోనగర్‌లో ఒక మెకానిక్ చేత పాత ఫ్యాన్ తీయించి, పాత సామాన్ల దుకాణంలో కొన్న మారుతి 800 రేడియేటర్ ఫ్యాన్ పెట్టించాను. "మారుతి కంపెనీవాడే ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టాడంటే అదే మంచిదని కదా సార్" అని ఆ మెకానిక్ చెప్పిన మాట నాకు అప్పుడు వేదవాక్కులా తోచింది. 1983 డిసెంబరులో వచ్చిన ఆ బుల్లి కారులో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుందని, దాని పుల్లీ రేడియేటర్ వైపు కాక పక్కకు తిరిగి ఉంటుంది కాబట్టి ఫ్యాన్‌ను మోటారుతో తిప్పడమే వారికి అనువైన దారి అయిందని తరువాత తెలుసుకున్నాను. పైగా అది 796 సీసీ ఇంజిన్‌కు సరిపడా చేసిన ఫ్యాన్. అంబాసిడర్ రేడియేటర్ ముందు అది పెద్ద గోడకు చిన్న కిటికీలా కనిపించింది.

మార్పు చేశాక అమ్మ ఊరుకోలేదు. దుర్గమ్మ కొండ కింద పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ముందు జాలీకి బంతిపూల దండ కట్టించుకుని బయలుదేరాము. కెనాల్ రోడ్డులో వినాయకుడి గుడి దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. అయిదు నిమిషాలకే ముల్లు ఎర్ర గీత దగ్గరకు వచ్చింది. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు మాత్రం శుభ్రంగా వినిపిస్తోంది. నాకు ఏమీ పాలుపోక ఇంజిన్ ఆపాలా వద్దా అని ఆలోచిస్తుండగా, నాన్నగారు దిగి కారు ముందు నిలబడ్డారు. ఆయన పంచె కుచ్చిళ్లు ఎగురుతున్నాయి. జాలీకి అతుక్కుపోవలసిన బంతి రేకులు ఒక్కొక్కటే ఊడి, ఎదుటి ఆటో మీదికి ఎగిరి పడుతున్నాయి. ఆయన వంగి జాలీ ముందు చెయ్యి పెట్టి చూసి, "ఒరేయ్, నీ ఫ్యాన్ ఇంజిన్‌కు కాదురా, నాకు విసురుతోంది" అన్నారు.

అదీ సంగతి. మోటారుకు వచ్చే రెండు తీగలను మెకానిక్ తారుమారుగా కలిపాడు. బ్యాటరీ కరెంటుతో నడిచే ఈ మోటారు తీగలు మారితే ఆగిపోదు, వెనక్కి తిరుగుతుంది. ముందు నుంచి గాలిని లోపలికి లాగవలసిన ఫ్యాన్, ఇంజిన్ దగ్గరి వేడిగాలిని రేడియేటర్ గుండా బయటికి తోస్తోందన్నమాట. అంతకుముందు కొండ దగ్గరకు వస్తున్నప్పుడు కూడా ఎదురుగాలితో అది కుస్తీ పట్టిందని, అందుకే నలభై వేగంలోనూ ముల్లు దిగలేదని అప్పుడు అర్థమైంది. అక్కడే ఒక పక్కకు తోయించి, టేపు ఊడదీసి, తీగలు అటుది ఇటు ఇటుది అటు కలిపాను. వెంటనే దండ జాలీకి అతుక్కుపోయింది. మీరు ఫ్యాన్ పెట్టించిన రోజున బండి ముందు ఒక దినపత్రిక కాగితం పట్టుకుని చూడండి. అది జాలీకి అంటుకుని నిలబడితేనే డబ్బు చెల్లించండి.

ఇక అసలు లెక్క. ఇంజిన్‌తో తిరిగే ఫ్యాన్‌లో ఉన్న తిరకాసు ఏమిటంటే, మనకు గాలి బాగా కావలసినప్పుడు, అంటే కారు నిలబడి ఉన్నప్పుడు, ఇంజిన్ నిమిషానికి ఏడెనిమిది వందల చుట్లే తిరుగుతుంది కాబట్టి ఫ్యాన్ కూడా బద్ధకంగానే తిరుగుతుంది. అరవైలో పోతున్నప్పుడు ఎదురుగాలి పుష్కలంగా ఉన్నా అది రెండు వేల పైచిలుకు చుట్లు తిరుగుతూ శక్తిని తింటుంది. ఫ్యాన్ వేగం మూడింతలైతే అది తినే శక్తి 27 రెట్లవుతుంది. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఈ తిరకాసును విడగొడుతుంది, అవసరమైనప్పుడే తిరుగుతుంది. అయితే దానికి కరెంటు ఎవరివ్వాలి? మా కారుకు అప్పటికి పాత డైనమోయే ఉండేది. ఆ తరం డైనమోలు బాగా తిరిగినప్పుడు ఇచ్చేదే ఇరవై ఆంపియర్లకు అటూ ఇటూ. ఇంజిన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు దాదాపు ఏమీ ఇవ్వవు. హెడ్‌లైట్లకు తొమ్మిది, ఫ్యాన్‌కు మరో తొమ్మిది, పది, ఇగ్నిషన్‌కు కాస్త వేసుకుంటే ఇక మిగిలేది ఏముంది? పూజ అయిన నెలలోపే, రాత్రిపూట ట్రాఫిక్‌లో రెండుసార్లు బ్యాటరీ దిగిపోయి తోసుకుంటూ ఇంటికి వచ్చాము. కాబట్టి ముందు డైనమో తీసేసి, ఇంజిన్ మెల్లగా తిరిగినా కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్, తరువాతే ఫ్యాన్. ఈ వరుస తప్పితే వేడి జబ్బు పోయి బ్యాటరీ జబ్బు పట్టుకుంటుంది.

ఫ్యాన్‌ను రేడియేటర్ వెనక, ఇంజిన్ వైపునే పెట్టించండి. ముందు పెడితే హైవే మీద ఎదురుగాలికి అదే అడ్డు. ఫ్యాన్ చుట్టూ రేడియేటర్ మొత్తాన్ని కప్పే రేకు డొప్ప తప్పనిసరి. అది లేకపోతే ఫ్యాన్ తన ఎదుటి గుండ్రటి చోటునే చల్లబరుస్తుంది, నాలుగు మూలలూ వేడిగానే మిగిలిపోతాయి. మా కారుకు చివరికి గుణమిచ్చింది ఒక పెద్ద కారు నుంచి తెచ్చిన ఫ్యానూ, రేకు పనివాడు ఒక పూటలో చేసిచ్చిన ఆ డొప్పా. తీగలు నేరుగా డాష్‌బోర్డు స్విచ్‌కు లాగవద్దు. రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి తెంపే స్విచ్), ఫ్యూజు, రేడియేటర్‌లో వేడిని పసిగట్టే స్విచ్ ఉండాలి. మాది 95 డిగ్రీల దగ్గర ఫ్యాన్‌ను తిప్పి, 90 దగ్గర ఆపుతుంది. బండి ఆపి తాళం తీశాక కూడా ఫ్యాన్ హఠాత్తుగా తిరగవచ్చు కాబట్టి, బానెట్ కింద చెయ్యి పెట్టే అలవాటున్న పెద్దవారికి ఈ సంగతి ముందే చెప్పండి.

ఒక చిన్న విషయం ఎవరూ చెప్పరు. పాత ఫ్యాన్ నీటి పంపు పుల్లీ ముందు నాలుగు బోల్టులతో బిగించి ఉంటుంది. ఫ్యాన్ రేకు తీసేసి అవే బోల్టులను మళ్లీ చివరిదాకా బిగిస్తే, రేకు మందం మేరకు వాటి కొనలు వెనక్కి పొడుచుకువచ్చి పంపు ఒంటికి రాసుకునే ప్రమాదం ఉంది. మా పంపు కీచుమన్నది అందుకే. ఆ మందానికి సరిపడా వాషర్లు వేయించండి.

మైలేజీ సంగతి అడిగారు. మా కారు లీటరుకు 9 ఇచ్చేది, ఫ్యాన్ మార్చాక 10 ఇచ్చింది. అదే వారంలో కార్బురేటర్ కూడా శుభ్రం చేయించాను గానీ, ఆ కిలోమీటరును నేను ఫ్యాన్ ఖాతాలోనే వేసుకున్నాను. నిజానికి మైలేజీ కావాలంటే మీరు అడగవలసింది థర్మోస్టాట్ గురించి. మన మెకానిక్‌లలో చాలామంది "మన ఎండలకు ఇది అక్కర్లేదు" అంటూ దాన్ని పీకి పారేస్తారు. నా మట్టుకు నాకు ఇంతకంటే ఒళ్లు మండే మాట లేదు. అది ఇంజిన్‌ను వేడెక్కించే వస్తువు కాదు. ఇంజిన్ త్వరగా 82 డిగ్రీల ప్రాంతానికి చేరేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపి, ఆ తరువాత తెరుచుకునే తలుపు. అది లేని ఇంజిన్ చలికాలం పొద్దున అరగంట నడిచినా పచ్చిగానే ఉండి పెట్రోల్ తాగుతుంది. మా కారులో కూడా అది లేదని ఫ్యాన్ మార్చినప్పుడే బయటపడింది. ఎవరు తీశారో, ఎన్నేళ్ల క్రితం తీశారో నాన్నగారికి కూడా గుర్తులేదు.

మీరు తరచుగా కుటుంబంతో, సామానుతో తిరుమల ఘాట్ ఎక్కేవారైతే నా సలహా వేరు. ఘాట్‌లో సెకండ్ గేరులో ఇంజిన్ బాగా తిరుగుతూ ఉంటుంది, ఎదురుగాలి ఉండదు. ఆ పరిస్థితిలో ఇంజిన్‌తో తిరిగే పాత ఫ్యాన్ చేసే పని చిన్న ఎలక్ట్రిక్ ఫ్యాన్ చేయలేదు. అలాంటివారు పాతదాన్ని ఉంచుకుని, రేడియేటర్ శుభ్రం చేయించి, డొప్ప కట్టించి, నీళ్లకు బదులు కూలెంట్ పోసి, మూతలో రబ్బరు మార్పిస్తే చాలు. మేము కొండకు వెళ్లేటప్పుడు పాత ఫ్యాన్‌ను, దాని నాలుగు బోల్టులను ఒక గుడ్డసంచిలో కట్టి డిక్కీలో పెట్టుకునే బయలుదేరుతాము. మీ కారుకు ఉన్నది డైనమోనా, ఆల్టర్నేటరా అన్నది బానెట్ ఎత్తి చూసి ఇక్కడే రాయండి, ఎంత పెద్ద ఫ్యాన్ పట్టుతుందో చెబుతాను.