ఫ్యాన్ క్లచ్ నట్టు రెండు రోజులుగా కదలడం లేదు, ఏం చేయాలి?

పాత డీజిల్ జీపు, ఫ్యాన్ క్లచ్ (ఇంజను వేడిని బట్టి రేడియేటర్ ఫ్యాన్‌ను తిప్పే భాగం) మార్చాలని ఇంటి దగ్గరే విప్పుతున్నారు, వాటర్ పంపు మీద పెద్ద నట్టు బిగుసుకుపోయింది, పానాకు పైపు తొడిగి లాగినా లాభం లేదు అంటున్నారు. ముందు ఆ పైపు తీసి పక్కన పడేయండి. దానితో నేను చేసుకున్న నష్టం చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. అంతర్వేది వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి మా ఊళ్ళో కిటికీ ఊచలు, గేటు గొళ్ళెం, సైకిలు చైను ఏవీ నిలవవు. వీడియోల్లో ఒకాయన ఉతికిన చొక్కా వేసుకుని రెండు దెబ్బలు కొట్టగానే నట్టు ఊడి చేతిలో పడుతుంది. ఆ బండి ఒక్క వర్షాకాలమైనా మా కాలవగట్టు మీద తిరిగి ఉంటే ఆయన చొక్కా రంగు నేను చూసేవాణ్ణి.

రెండేళ్ళ కిందట దాళ్వా కోతలప్పుడు సంగతి. ధాన్యం బస్తాలు వేసుకుని చించినాడ వంతెన ఎక్కేసరికి టెంపరేచరు ముల్లు ఎర్రగీత దగ్గరికి వెళ్ళింది. మెకానిక్కు చూపిస్తే బానెట్ సగమైనా ఎత్తకుండానే ఫ్యాన్ క్లచ్ పోయిందన్నాడు. మారుమాట లేకుండా వెళ్ళి కొత్తది కొన్నాను. విప్పడానికి కూలి ఎందుకు దండగ అని నరసాపురంలో ఉన్న మా బావగారిని పిలిచాను. ఆయన పడవ ఇంజన్లు బాగుచేస్తారు. ఆదివారం పొద్దున్నే అక్కయ్యనీ, మేనల్లుణ్ణీ వెంటబెట్టుకుని గోదావరి దాటించే పంటు దిగి వచ్చారు.

బావగారి సిద్ధాంతం ఒకటే, లోకంలో ఏ నట్టయినా ఎడమవైపు తిప్పితేనే ఊడుతుంది. 36 నంబరు పానా తగిలించి, దానికి పాత బోరు పైపు తొడిగి ఇద్దరం లాగాం. పుల్లీ గిర్రున తిరిగింది, పానా జారింది, నా చెయ్యి వెళ్ళి రేడియేటర్‌కు కొట్టుకుంది. వేళ్ళ కణుపులు చిట్లాయి, రేడియేటర్ రేకులు అరచేయి మేర చదునైపోయాయి. అక్కయ్య పసుపు తెచ్చి అద్దుతూ, ‘మీ ఇద్దరికీ వేరే పనేమీ లేదా?’ అంది.

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. ‘బావగారూ, ఇది ఎడమ మరేమో, కుడివైపు తిప్పితే ఊడుతుందేమో!’ అన్నాను.

‘ముప్పై ఏళ్ళుగా ఇంజన్లు విప్పుతున్నానోయ్, నువ్వా నాకు మరలు నేర్పేది?’ అన్నారు.

నేను మేనల్లుణ్ణి సీట్లో కూర్చోబెట్టి, బండి న్యూట్రల్‌లో ఉందో లేదో చూసి, బావగారిని రెండడుగులు వెనక్కి జరిపి, స్టార్టర్ ఒక్క క్షణం తిప్పమన్నాను. ఎదురుగా నిలబడి చూస్తే ఫ్యాన్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరిగింది. పంపు ఇరుసు అలా తిరుగుతుంటే ఫ్యాన్ బరువు, గాలి ఒత్తిడి నట్టును వెనక్కి లాగుతుంటాయి. ఆ లాగుడుకు నట్టు వదులు కాకుండా ఇంకా బిగిసేలా మర పెడతారు. కాబట్టి ఫ్యాన్ ఏ వైపు తిరిగితే నట్టును ఆ వైపే తిప్పి విప్పాలి. నా బండికి అది ఎడమ మర. కొన్ని బండ్లలో పంపు ఎదురు దిశలో తిరుగుతుంది, వాటికి మామూలు మర ఉంటుంది. మీది ఏదో మీరే చూసుకోవాలి. అంటే పొద్దుటినుంచి మేమిద్దరం పైపు వేసి మరీ దాన్ని బిగించాం. బావగారు మాట్లాడకుండా వెళ్ళి మజ్జిగ తాగి వచ్చారు.

ఇక అసలు పని. బ్యాటరీ తీగ తీసేశాం. చదునైన రేకులు చాలు, మిగతావైనా దక్కాలని రేడియేటర్‌కు అడ్డంగా అట్టముక్క పెట్టాం. ఇది మొదటే చేయాల్సింది. నట్టు వెనక తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, భోజనాలు చేసి వచ్చి మళ్ళీ కొట్టాం. పుల్లీ తిరగకుండా పాత ఫ్యాన్ బెల్టు దాని చుట్టూ చుట్టి, కొసలు ఇనుపకడ్డీతో మెలిపెట్టి బావగారు పట్టుకున్నారు. నేను పానాను నట్టుకు నిండుగా తగిలించి, దాని కొస మీద సుత్తితో కొట్టాను. మొదటి రెండు దెబ్బలకు ఖంగుమని మోగింది. మూడో దెబ్బకు మోత రాలేదు, మొద్దుగా ఒక చప్పుడు, మరల్లోంచి కారప్పొడిలా ఎర్రటి పొడి రాలింది. ఆ తర్వాత చేత్తోనే వచ్చింది.

మెల్లగా లాగినంతసేపూ పుల్లీ వెంట తిరుగుతూనే ఉంటుంది. చటుక్కున దెబ్బ పడితే అది కదిలే లోపలే మర విడుతుంది. గ్యాసు మంట పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, పక్కనే పంపు సీలు ఉంది, క్లచ్ లోపల సిలికాన్ నూనె ఉంది.

కానీ నేను ఇంత రాయడానికి కారణం నట్టు కాదు. ఫ్యాన్ పక్కకు వచ్చాక రేడియేటర్ వెనకనుంచి ఫోను లైటు వేసి చూశాను. అవతలికి ఒక్క చుక్క వెలుతురు పోలేదు! ఏసీ కండెన్సరుకూ రేడియేటర్‌కూ మధ్య వరి పొట్టు, గడ్డి, పురుగులు, కాలవగట్టు దుమ్ము కలిసి పిడక కట్టింది. కోత యంత్రాల వెనకే నెల రోజులు తిరిగితే కట్టదా మరి! మెల్లని నీటిధారతో ఇంజను వైపునుంచి బయటికి కడిగితే బకెట్టు నిండా వచ్చింది. బండి ఆగి ఉన్నప్పుడు వేడెక్కి, పరుగెత్తితే చల్లబడితే ఫ్యాన్ వైపు చూడాలి. పరుగులో, బరువుతో వేడెక్కితే ముందు రేడియేటర్ వైపు చూడాలి. నాకు ముల్లు లేచింది వంతెన ఎక్కుతుంటే కదా! ఆ మాట మెకానిక్కుకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. మా వైపు కోతల కాలంలో వేడెక్కే బండ్లలో ముప్పాతిక వంతు పొట్టు వల్లేనని నా గట్టి నమ్మకం.

పాత క్లచ్ చేత్తో తిప్పి చూస్తే చక్కగా బిగువుగానే ఉంది, నూనె మరక కూడా లేదు. దాన్నే తిరిగి పెట్టి, కొత్తది వాపసు ఇద్దామనుకున్నాను. అయితే ఆ రాత్రి దాన్ని అరుగు మీద బోర్లా పడుకోబెట్టాను. తెల్లారేసరికి అరుగు మీద నూనె మరక! విప్పిన క్లచ్‌ను బండిలో ఉన్నట్టే నిలబెట్టి ఉంచాలని నాకు ఎవరూ చెప్పలేదు, మీకు నేను చెబుతున్నాను. కొత్తదే వేయాల్సి వచ్చింది. విడిభాగాల కొట్టువాడు ఎలాగూ వాపసు తీసుకోనన్నాడు, అది వేరే గొడవ.

తిరిగి బిగించేటప్పుడు మరలు బ్రష్షుతో తుడిచి, కాస్త గ్రీజు రాసి, ముందు చేత్తో ఎక్కించండి. నట్టు వంకరగా ఎక్కితే పంపు ఇరుసు మర పోతుంది. చివర పానాతో ఓ మోస్తరుగా బిగిస్తే చాలు, మిగతాది ఫ్యాన్ తిరిగే కొద్దీ అదే బిగుసుకుంటుంది. మీరు రేపు మొదలుపెట్టేముందు మాత్రం ఆ రేడియేటర్ వెనకనుంచి ఒకసారి లైటు వేసి చూడండి. 36 పానా మాత్రం నన్ను అడగకండి, బావగారు ఆ రోజే సంచిలో వేసుకుని పంటు ఎక్కారు.