ఓపెన్ సోర్స్ డెవలపర్లను కొత్త సదుపాయం ఎలా అడగాలి?

మీరు వాడే ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) యాప్‌లో ఒక సదుపాయం కావాలని రెండుసార్లు రాసినా జవాబు రాలేదని, ఇంకాస్త గట్టిగా అడగవచ్చా అని ప్రశ్నించారు. గట్టిగా కాదు, వివరంగా అడగండి.

నేను నోట్స్ రాసుకొనే ఒక యాప్‌లో కొన్ని తెలుగు పదాలు వెతికితే దొరికేవి కావు. ‘రాజ్‌కుమార్’ వంటి మాటల్లో ‘జ’కు కకారం ఒత్తుగా చేరకుండా జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనిపించని అక్షరాన్ని టైపు చేస్తాం, వెతికేటప్పుడు దాన్ని వదిలేస్తే యాప్‌కు అది వేరే పదమవుతుంది. తెలుగు రాని డెవలపర్‌కు ఈ సంగతి తట్టే అవకాశం తక్కువ. అందుచేత ముందుగా ప్రాజెక్టు పేజీలోని పాత ఇష్యూలన్నీ (వాడుకరులు రాసిన లోపాలు, అభ్యర్థనలు) చూసి, ఎవరూ దీన్ని ప్రస్తావించలేదని తేల్చుకొన్న తరువాత, యాప్ వెర్షన్, నేను టైపు చేసిన పదాలు, రావలసిన ఫలితం, నిజంగా వచ్చిన ఫలితం వరుసగా రాశాను. పారశీకం రాసేవారూ ఈ అక్షరాన్ని విరివిగా వాడతారు కాబట్టి మార్పు వారికీ పనికివస్తుందని చేర్చాను. కోడ్‌లో ఏం మార్చాలన్నది డెవలపర్‌కే విడిచిపెట్టి, వీలుకాకపోయినా ఫరవాలేదని, మార్చితే పరీక్షించి పెడతానని రాశాను. జవాబు ఆలస్యంగానే వచ్చింది, కానీ నేనిచ్చిన పదాలనే ఆయన పరీక్షకు వాడుకొన్నారు.

ఒత్తిడి ఎంత ప్రమాదమో ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే, ఫైళ్లను కుదించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉదంతం చూపింది. జీతం లేకుండా దాన్ని నిర్వహిస్తున్న వ్యక్తిపై, పని నెమ్మదిగా సాగుతోందంటూ 2022లో కొన్ని ఖాతాలు పదేపదే ఒత్తిడి తెచ్చాయి. అది తాను ఇష్టంతో, ప్రతిఫలం లేకుండా చేస్తున్న పని అని ఆయన చెప్పుకోవలసి వచ్చింది. సాయానికి వచ్చినట్టు కనిపించిన మరొకరికి క్రమంగా నిర్వహణాధికారం దక్కింది, 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఆ వ్యక్తి చొప్పించిన బ్యాక్‌డోర్ (కంప్యూటర్‌లోకి రహస్యంగా చొరబడే దారి) బయటపడింది. అలసిపోయిన మనిషిని తొందరపెట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

మీరు ఇప్పటికే రెండుసార్లు రాశారు కాబట్టి మూడోది రాయకండి. పాత ఇష్యూలోనే లోపించిన వివరాలు చేర్చి ఆగండి. డెవలపర్ సొంత ఈమెయిల్‌కు రాయడం, ప్లే స్టోర్‌లో ఒక్క స్టార్ ఇచ్చి బెదిరించడం వద్దు. కుదరదంటే కృతజ్ఞతలు చెప్పి, ప్రాజెక్టు విరాళాలు తీసుకొంటుంటే ఇవ్వండి, లేదా కోడ్ తెలిసినవారి చేత ప్యాచ్ (కోడ్ సవరణ) రాయించండి. మీ అభ్యర్థన పాఠాన్ని ఇక్కడ పెడితే, ఏ వివరాలు తక్కువయ్యాయో చదివి చెబుతాను.