ఘాతక్‌కు పేరిచ్చిన అల్లుడికి

అచ్చంపేట

అల్లుడా,

ఘాతక్ ప్లాటూన్‌కు, అంటే పటాలంలో ముందుండి దాడి చేసే చిన్న కమాండో దళానికి, పేరిచ్చానని మొన్న ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు కడుపు నిండినట్టే ఉంది. మా అక్క, అదే మీ అమ్మ, మాత్రం ఆ మాట విన్న రోజు సరిగా అన్నం తినలేదట. ఆమె సంగతి చివర్లో రాస్తాను. నీ చేతిలో రెండు నెలల లీవు ఉంది. అది అయిపోయాక ప్లాటూన్ సెలెక్షన్, అందులో నిలబడితే బెల్గాం కమాండో కోర్సు. "మామా, రోజుకు ఎన్ని కిలోమీటర్లు ఉరకాలి?" అని అడిగావు. దానికి జవాబిచ్చేముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను.

నా కోర్సులో ఒక రాత్రంతా పిట్టూ (వీపు మీది బరువు సంచి) మోసుకుంటూ నడిచి, తెల్లవారుజామున ఒక గుట్ట మీదికి చేరాం. కింద ఉత్తుత్తి శత్రువు క్యాంపు. పొదల్లో పడుకొని గంటసేపు చూసి, ఎంతమంది ఉన్నారు, ఏం చేస్తున్నారు అన్నది రాసుకొని రావాలి. నడకలో అందరికంటే ముందున్నది నేనే. కానీ గుట్ట ఎక్కేసరికి నాలుక పిడచకట్టింది, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఐదుగురని రాశాను. ఉన్నది నలుగురే. ఒకే మనిషి డేరాలోంచి ఒకసారి టోపీతో, ఇంకోసారి టోపీ లేకుండా బయటికొచ్చాడు. నేను అతన్ని ఇద్దరిని చేశాను. మాకు శిక్షణ ఇచ్చే ఉస్తాద్ నా కాగితం చూసి, "అందరికంటే ముందు చేరి తప్పుడు ఖబరు తెచ్చావు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

రెక్కీకి, అంటే శత్రువును చాటుగా చూసి రావడానికి, పోయినవాడు ఉన్నది ఉన్నట్టు చూడాలి, చూసింది వెనక్కి తెచ్చి చెప్పాలి. ఉరకడం, బరువు మోయడం, తాడెక్కడం అన్నీ అందుకే. గుట్ట ఎక్కిన తర్వాత కూడా కళ్ళలో, బుర్రలో ఇంకా సత్తువ మిగలాలి. కార్గిల్ యుద్ధంలో 1999 జూలై 4న టైగర్ హిల్ మీద యోగేంద్ర సింగ్ యాదవ్ చేసింది గుర్తు తెచ్చుకో. 18 గ్రెనేడియర్స్ పటాలంలో ఘాతక్ ప్లాటూన్ జవాను, అప్పటికి 19 ఏళ్ళు. ఒళ్ళంతా తూటా దెబ్బలు తిని పడి ఉన్నాడు. కింద ఉన్న మన మెషీన్ గన్ పోస్టు మీద దాడి చేద్దామని శత్రువులు మాట్లాడుకోవడం ఆ స్థితిలో కూడా చెవినపెట్టి, ఎట్లాగో కిందికి చేరి తన అధికారులకు చెప్పాడు. ఆయనకు పరమవీర చక్ర వచ్చింది. ఆయన తెగువ గురించి అందరూ చెప్తారు. నాకు మాత్రం ఆ విన్న మాటను మర్చిపోకుండా మోసుకురావడమే పెద్దగా కనిపిస్తుంది.

ఇక ఉరుకుడు. 5 కిలోమీటర్ల ఉరుకు 25 నిమిషాల లోపే నీకు వస్తుంది. దాన్ని ఇంకా తగ్గించాలని రోజూ ఉరికితే కాళ్ళు పోతాయి. వారంలో మూడు రోజులు ఉరుకు, రెండు రోజులు బరువుతో నడువు, ఒకరోజు తాడు, చిన్‌అప్‌లు. ఏడో రోజు పడుకో, నిజంగా పడుకో. బరువుతో నడవాలే గానీ ఉరకొద్దు. అది కూడా చెరువు కట్ట మీద, చెలక గట్ల మీద. తారు రోడ్డు వద్దు. పది కిలోలతో మొదలుపెట్టి వారానికి రెండు కిలోలకు మించి పెంచకు. ఇసుకను పాలిథిన్ కవర్లో గట్టిగా కట్టి, దుప్పటిలో చుట్టి, భుజాల మధ్యకు వచ్చేట్టు సర్దు. కిందికి జారితే నడుము లాగేస్తుంది.

కండ నొప్పికి భయపడకు, రెండు రోజుల్లో పోతుంది. మోకాలి కింద ముందు ఎముక మీద వేలితో నొక్కితే ఒక్కచోటే జివ్వుమంటే మాత్రం అదే రోజు ఆపి డాక్టర్‌కు చూపించు. నాతో ఉన్న ఒక జవాను ఆ నొప్పి దాచుకొని ఇంకో పది రోజులు మార్చ్ చేశాడు. ఎముక చిట్లి కోర్సు మధ్యలోనే వెళ్ళిపోయాడు. మాలో గట్టివాడు అతనే.

పాదాలను మొహం కంటే ఎక్కువగా చూసుకో. రెండు జతల సాక్సులు పెట్టుకో, తడిసిన జత వెంటనే మార్చు, పౌడర్ వెయ్యి. కొత్త బూట్లతో ఎప్పుడూ దూరం పోకు.

తిండి మన ఇంటిదే చాలు: జొన్న రొట్టె, పప్పు, గుడ్లు, పల్లీలు. జిమ్ పిల్లలు తినే డబ్బాల పొడులు, ఇంజెక్షన్ల జోలికి పోకు. చెమట కారిన రోజు ఉప్పు వేసిన మజ్జిగ తాగు. ఉప్పు లేకుండా వట్టి నీళ్ళే పోస్తూ ఉంటే అది కూడా ప్రమాదమే. మీ మర్రిగూడ దిక్కు బోరు నీళ్ళు ముట్టకు, కృష్ణా నీళ్ళే తాగు. ఫ్లోరైడ్ ఎముకలను ఏం చేస్తుందో మీ ఊళ్ళో పెద్దవాళ్ళ నడక చూసి పెరిగినవాడివి, నీకు వేరే చెప్పాలా!

కళ్ళకు, బుర్రకు కూడా రోజూ పని పెట్టు. అంగడి రోజు చాయ్ హోటల్ ముందు పది నిమిషాలు కూర్చో, ఫోన్ జేబులోనే ఉంచు. ఇంటికొచ్చి రాయి: ఎన్ని ఆటోలు, ఎటు తిరిగి ఉన్నాయి, ఎవరి చేతిలో ఏముంది. చూసింది ఒక పక్క, అనుకున్నది ఇంకో పక్క రాయి. నడక ముగించి ఒళ్ళు పులిసి ఉన్నప్పుడే ఈ పని చెయ్యి, హాయిగా ఉన్నప్పుడు ఎవడైనా లెక్కపెడతాడు.

రాత్రిపూట నడవడం అలవాటు చేసుకో. చీకటికి కళ్ళు అలవాటుపడాలంటే అరగంట పడుతుంది, ఒక్కసారి ఫోన్ వెలుగు చూస్తే ఆ అరగంటా పోయినట్టే. చీకట్లో దేన్నయినా సూటిగా చూడకు, కొంచెం పక్కకు చూస్తే అది బాగా ఆనుతుంది. ధ్రువ నక్షత్రాన్ని పట్టుకోవడం నేర్చుకో. మన దిక్కు అది చాలా కిందికి ఉంటుంది. చెయ్యి చాపి పిడికిలి పడితే నేల అంచు నుంచి పిడికిలిన్నర ఎత్తు, చెట్లు అడ్డమొస్తాయి. కశ్మీర్‌లో మూడు పిడికిళ్ళకు పైనే ఉంటుంది. అక్కడ అంత ఎత్తున చూసి నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు.

కోర్సులో "వదిలేసి పోతా" అనిపించే గడియ తప్పకుండా వస్తుంది. ఎక్కువగా తెల్లవారుజామున మూడు గంటలకు, తడిసిన బట్టల్లో ఉన్నప్పుడు వస్తుంది. ఆ గడియలో ఏ నిర్ణయమూ తీసుకోకు. నాష్తా తిన్నాక చూద్దాం అనుకో. చిన్నప్పుడు నేను మా నాయనమ్మ వెంట సలేశ్వరం జాతరకు నడిచాను. నల్లమలలో రాళ్ళ దారి, చెప్పులు లేవు, ఆమెకు అరవై దాటాయి. పోయేటప్పుడు "వస్తున్నాం లింగమయ్యా" అని, వచ్చేటప్పుడు "పోతున్నాం లింగమయ్యా" అని అడుగడుక్కీ అనుకుంటూ నడిచింది. ఇంకా ఎంత దూరమని ఒక్కసారి కూడా ఎవరినీ అడగలేదు. బరువు మార్చ్‌లో చాలాసార్లు నేను ఆ మాటే లోపల అనుకుంటూ అడుగులు వేశాను.

అక్క సంగతి. ఆమెకు అబద్ధం చెప్పకు. కోర్సులో ఫోన్ ఉండదని, కొన్ని వారాలు మాట కలవదని ఇప్పుడే కూర్చోబెట్టి చెప్పు. ఆ రోజుల్లో నేనే వెళ్ళి ఆమె దగ్గర ఉండి వస్తాను. ఇంటి దిగులు వెంట మోసుకుపోతే పిట్టూ కంటే అదే బరువవుతుంది.

లీవుకు రాగానే మొదటి శనివారం సాయంత్రం దేవరకొండ మీదుగా ఇక్కడికి వచ్చెయ్. ఆదివారం నాలుగింటికి లేచి రంగాపూర్ నుంచి ఉమామహేశ్వరం ఘాటు ఎక్కుదాం. ఎక్కేది నీ ఇష్టమొచ్చినంత వేగంగా ఎక్కు, దిగేటప్పుడు మాత్రం నా వెనకే రావాలి, మోకాళ్ళు దెబ్బతినేది దిగేటప్పుడే. పైన కూర్చున్నాక దారిలో ఏమేం చూశావో అడుగుతాను. పాత బూట్లే తెచ్చుకో.

నీ మామ