తక్కువ కరెంటు ప్రాసెసర్ అంటే క్లాక్ తగ్గించిన మామూలు ప్రాసెసరేనా?

మీరు ఈసీఈ మూడో ఏడు చదువుతున్నానని, తక్కువ కరెంటు ప్రాసెసర్ మీద ప్రాజెక్టు చేయాలని ఉందని రాశారు. మీ సందేహం ఇదీ: పాత నెట్‌బుక్‌లోని (చిన్న, చవక ల్యాప్‌టాప్) ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్ క్లాక్ 1.6 గిగాహెర్ట్జ్, అప్పటి మామూలు ల్యాప్‌టాప్‌లోని కోర్ 2 డుయో కూడా ఇంచుమించు అంతే. మరి ఆటమ్ అంత నెమ్మది ఎందుకు? దానికి 2.5 వాట్లు చాలితే రెండోదానికి 35 వాట్ల దాకా ఎందుకు? తక్కువ కరెంటు ప్రాసెసర్ అంటే క్లాక్ తగ్గించడమేనా?

కాదండీ. నేను చాలా ఏళ్లుగా చిప్ డిజైన్‌లో, ముఖ్యంగా పవర్ తగ్గించే పనిలో ఉన్నాను. కొత్తగా చేరే పిల్లలు కూడా మొదట ఇదే అడుగుతారు.

గేట్లు (చిప్‌లోని చిన్న స్విచ్చులు) మారేటప్పుడు ఖర్చయ్యే పవర్ కెపాసిటెన్స్, వోల్టేజ్ వర్గం, ఫ్రీక్వెన్సీ ఈ మూడింటి లబ్ధం మీద ఆధారపడుతుందని మీరు చదివే ఉంటారు. క్లాక్ సగం చేస్తే పవర్ సగమవుతుంది, నిజమే. కానీ అదే పనికి రెట్టింపు సేపు పడుతుంది కాబట్టి ఖర్చయ్యే ఎనర్జీ తగ్గదు. ఆ అదనపు సమయమంతా లీకేజీ, అంటే ఏమీ మారకపోయినా కారిపోయే కరెంటు కూడా తోడవుతుంది. అసలు లాభం వోల్టేజ్ దించడంలో ఉంది. 1.2 వోల్టుల నుంచి 1.0కి దించితే, మిగతావేమీ మారకపోయినా 30 శాతం పవర్ మిగులుతుంది. 2007లో వచ్చిన ఆసుస్ వాళ్ల మొదటి నెట్‌బుక్ ఈపీసీ 701లో 900 మెగాహెర్ట్జ్ సెలెరాన్ ఎమ్‌ని 630 దగ్గర నడిపారు. చేతిలో ఉన్నదాంతో నెట్టుకొచ్చిన పద్ధతి అది.

2008లో వచ్చిన ఆటమ్ అలా కాదు. దాన్ని తెల్లకాగితం మీద మొదలుపెట్టారు. కోర్ 2లో ఎక్కువ ఏరియా, ఎక్కువ కరెంటు తినే ఒక పెద్ద భాగాన్ని మొత్తంగా తీసేశారు. అదే అవుట్-ఆఫ్-ఆర్డర్ యంత్రాంగం, అంటే ఇన్‌స్ట్రక్షన్లని రాసిన వరసలో కాకుండా ఏది సిద్ధంగా ఉంటే దాన్ని ముందు చేసే ఏర్పాటు. మెమరీ నుంచి ఎ తేవాలి, ఎకి బి కలపాలి, ఆ తర్వాత సిని డితో గుణించాలి అనుకోండి. ఎ కాష్‌లో (ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న, వేగమైన మెమరీ) లేకపోతే మెమరీ నుంచి రావడానికి వంద క్లాకులు దాటవచ్చు. కోర్ 2 ఆగదు. గుణకారానికి ఎతో సంబంధం లేదని గమనించి దాన్ని ముందే పూర్తి చేస్తుంది. ఆటమ్ మాత్రం కూడిక దగ్గర ఆగిపోతుంది, దాని వెనకున్న గుణకారమూ ఆగుతుంది. మీరు చూసిన నెమ్మదితనంలో చాలా భాగం ఇదే.

కానీ ఆ గమనించే పని ఊరికే జరగదు. ఏ ఇన్‌స్ట్రక్షన్ సిద్ధంగా ఉంది, ఏది దేనికోసం ఎదురుచూస్తోంది అని ప్రతి క్లాక్‌లోనూ బోలెడన్ని పోలికలు చూడాలి. వాటివల్ల ఫలితం ఉన్నా లేకపోయినా కరెంటు మాత్రం ఖర్చవుతూనే ఉంటుంది. ఇది తీసేశాక, పెద్ద కాష్‌లు కూడా లేకపోవడంతో ఆటమ్ 4.7 కోట్ల ట్రాన్సిస్టర్లతో 25 చదరపు మిల్లీమీటర్లలో సర్దుకుంది. అదే 45 నానోమీటర్ల తయారీ పద్ధతిలో చేసిన డ్యూయల్ కోర్ కోర్ 2లో 41 కోట్లు! చిన్న చిప్ అంటే ఒక వేఫర్‌లో (చిప్‌లు కోసే సిలికాన్ బిళ్ల) ఎక్కువ ముక్కలు, అందుకే చవక కూడా. ఆగిపోయే సమయం వృథా పోకుండా హైపర్ థ్రెడింగ్ పెట్టి, ఆ ఖాళీలో రెండో థ్రెడ్‌ని నడిపించారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది దాని ఎల్1 డేటా కాష్, అంటే కోర్‌కి అన్నిటికన్నా దగ్గరగా ఉండే కాష్. మామూలుగా కాష్‌లో ఒక బిట్‌కి 6 ట్రాన్సిస్టర్లు వాడతారు, ఇక్కడ 8 వాడారు. ట్రాన్సిస్టర్లు పెంచితే కరెంటు ఎలా తగ్గుతుంది అంటారా? 6 ట్రాన్సిస్టర్ల సెల్‌లో వోల్టేజ్ బాగా దించితే, చదివేటప్పుడే బిట్ తిరగబడే ప్రమాదం ఉంది. అంటే మిగతా కోర్ ఇంకా తక్కువ వోల్టేజ్‌లో నడవగలిగినా కాష్ కోసం పైనే ఆగాలి. అదనపు 2 ట్రాన్సిస్టర్లు చదివే దారిని వేరు చేసి ఆ అడ్డు తీసేస్తాయి. దీనికి చెల్లించిన మూల్యం సైజు. ఇన్‌స్ట్రక్షన్ కాష్ 32 కేబీ ఉంటే డేటా కాష్ 24 కేబీకే పరిమితమైంది. ఆ వింత అంకె ఎందుకో తెలిశాక డిజైనర్ల మీద గౌరవం పెరిగింది.

అయితే ప్రాసెసర్ వాట్లు చూసి కంప్యూటర్ వాట్లు లెక్కేయకండి. ఊళ్లో కరెంటు కోతలు ఎక్కువని, ఇన్వర్టర్ మీద నడిచే కంప్యూటర్ కావాలని మా బాబాయి అడిగితే, సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో ఇంటెల్ డి945జీసీఎల్ఎఫ్ బోర్డు కొని నేనే బిగించాను. దాని మీద ఆటమ్ 230 ఉంటుంది, 4 వాట్లది. బోర్డు మీద ఒక ఫ్యాన్ తిరుగుతూ ఉంటే అది ప్రాసెసర్‌దే అనుకున్నాడు బాబాయి. కాదు, ఆ ఫ్యాన్ చిప్‌సెట్ మీద, అంటే ప్రాసెసర్‌ని మెమరీ వగైరాలతో కలిపే చిప్ మీద ఉంది. ప్రాసెసర్‌కి ఫ్యాన్ లేని చిన్న అల్యూమినియం హీట్‌సింకే చాలింది. ఎందుకంటే 945జీసీ చిప్‌సెట్ 22 వాట్లది! గోడ సాకెట్ దగ్గర మీటర్ పెట్టి చూస్తే, ఏ పనీ లేనప్పుడు కూడా హార్డ్ డిస్క్‌తో కలిపి 30 వాట్ల దరిదాపుల్లో ఉండేది. తర్వాతి తరంలో, అంటే 2010 మొదట్లో వచ్చిన ఎన్450లో, మెమరీ కంట్రోలర్‌నీ గ్రాఫిక్స్‌నీ ప్రాసెసర్ చిప్‌లోకే తెచ్చారు. అన్నీ కలిపి 5.5 వాట్లు.

రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న సింగిల్ బోర్డు కంప్యూటర్‌లోనూ ఇదే జరిగింది, ప్రాసెసర్ బయటే కరెంటు పోయింది. 2012 నాటి మోడల్ బిలో 5 వోల్టులను 3.3కి దించడానికి లీనియర్ రెగ్యులేటర్ వాడారు. అది ఆ 1.7 వోల్టుల తేడాని వేడిగా వదిలేస్తుంది, అంటే లోపలికొచ్చిన పవర్‌లో మూడో వంతు. 2014లో వచ్చిన బి ప్లస్‌లో, తేడాని వేడిగా అంతగా వదలని స్విచింగ్ రెగ్యులేటర్లు పెట్టగానే అర వాట్ నుంచి ఒక వాట్ దాకా మిగిలింది. ప్రాసెసర్ మాత్రం అదే బీసీఎమ్2835.

ఆటమ్‌లోలా రాసిన వరసలోనే పని చేసే ఇన్-ఆర్డర్ డిజైనే శాశ్వతమని కూడా అనుకోకండి. ట్రాన్సిస్టర్లు మెరుగయ్యాక 2013లో ఆటమ్, 2019లో రాస్‌ప్‌బెర్రీ పై 4 రెండూ అవుట్-ఆఫ్-ఆర్డర్‌కి మారాయి. మధ్యలో ఇంకో విషయం చెప్పాలి. 2018లో ప్రాసెసర్లలో రహస్య సమాచారం లీకయ్యే స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే లోపాలు బయటపడి ప్రపంచమంతా టెన్షన్ పడినప్పుడు, ముందుగా ఊహించి పని చేసే అలవాటు లేని పాత ఆటమ్‌లు, రాస్‌ప్‌బెర్రీ పై 3 వరకూ వచ్చిన బోర్డులు ఆ గండం తప్పించుకున్నాయి.

ఇక మీ ప్రాజెక్టు సంగతి. ఐఐటీ మద్రాస్ వాళ్ల శక్తి అనే ప్రాసెసర్ కుటుంబంలోని సీ-క్లాస్ కోర్ తీసుకోండి. ఐదు దశల ఇన్-ఆర్డర్ డిజైన్, సోర్స్ అందరికీ అందుబాటులో ఉంది. క్లాక్ మార్చడంతో మొదలుపెట్టకండి. ఏదైనా చిన్న ప్రోగ్రామ్ నడిపిస్తూ, విలువ మారకపోయినా ప్రతి క్లాక్‌కీ టిక్కుమనే ఫ్లిప్‌ఫ్లాప్‌లు (ఒక బిట్ దాచే సర్క్యూట్లు) ఏవో సిమ్యులేషన్‌లో వెతకండి. ఆఫీసులో ఏ కొత్త బ్లాక్ నా ముందుకొచ్చినా నేను మొదట తెరిచేది అలాంటి ఫ్లిప్‌ఫ్లాప్‌ల రిపోర్టే. గుణకార యూనిట్ దగ్గర చూడండి, మామూలు ప్రోగ్రామ్‌లో అది చాలాసేపు ఖాళీగా ఉంటుంది. దాని ఇన్‌పుట్ రిజిస్టర్లకి క్లాక్ గేటింగ్ (పని లేనప్పుడు క్లాక్ ఆపేయడం) పెట్టి, ముందూ వెనకా స్విచింగ్ లెక్కలు పోల్చి ఇక్కడ పెట్టండి, తప్పకుండా చూస్తాను.